కంప్యూటరు దుబాసీ

పాఠ్యభాగ ఉద్దేశం

ఒకే ప్రోగ్రాం ద్వారా వేర్వేరు సందేశ నెట్‌వర్కులతో మాట్లాడే వీలు ఎలా కలిగిందో, దాని వెనుక జరిగిన సంఘర్షణ ఏమిటో తెలియజేయడం, సాంకేతిక సాధనాలను ఎంచుకోవడంలో వివేకాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రెండు భాషలు తెలిసి, ఒకరి మాటను మరొకరికి అందించేవాడు దుబాసీ. 'ద్విభాషి' అనే సంస్కృత పదమే జనవ్యవహారంలో దుబాసీ అయింది. కుంఫిణీ కాలంలో తెల్లదొరలకూ దేశీయులకూ మధ్య వర్తకం, పరిపాలన చాలావరకు దుబాసీల నోటి మీదుగానే నడిచాయి. దేశభాషలు రాని కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశ చరిత్రకు సంబంధించిన శాసనాలను, గ్రామ కైఫీయతులను అంత విస్తారంగా సేకరించగలిగాడంటే అందుకు కావలి వెంకట బొర్రయ్య, అతని సోదరుల బహుభాషా పాండిత్యమే ముఖ్యాధారం. దుబాసీ ఉన్నచోట ఇరుపక్షాల వారూ తమ భాషను మార్చుకోనవసరం లేదు. నడుమనున్నవాడికి రెండు భాషలూ తెలిస్తే చాలు.

ఇరవయ్యో శతాబ్దం చివరి సంవత్సరాల్లో కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి అవసరమే ఏర్పడింది. అక్కడ దుబాసీ పాత్రను కొన్ని ప్రోగ్రాములు నిర్వహించాయి. వాటి కథ మనుషుల మధ్య గోడలు ఎలా లేస్తాయో, ఎలా సన్నగిలుతాయో తెలిపే కథ కూడా.

తక్షణ సందేశం

ఉత్తరం రాసి జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన సమాజానికి ఈ-మెయిల్ ఒక అద్భుతంగా తోచింది. అయితే ఈ-మెయిల్ పంపేవాడికి, అవతలి మనిషి ఆ క్షణంలో కంప్యూటరు ముందు ఉన్నాడో లేడో తెలియదు. ఆ లోటును తీర్చినది తక్షణ సందేశ విధానం. ఇందులో మిత్రుల పేర్లు ఒక పట్టికగా తెరమీద కనిపిస్తాయి. ఎవరు అందుబాటులో ఉన్నారో, ఎవరు పనిలో మునిగి ఉన్నారో, ఎవరు లేచి వెళ్లారో పేరు పక్కనున్న చిన్న గుర్తు చెబుతుంది. పేరు మీద నొక్కి ఒక మాట టైపు చేస్తే అది మరుక్షణమే అవతలి తెరమీద ప్రత్యక్షమవుతుంది.

1996 నవంబరులో ఇజ్రాయెల్‌కు చెందిన మిరాబిలిస్ అనే చిన్న సంస్థ 'ఐసీక్యూ' అనే ప్రోగ్రాంను విడుదల చేసి, ఈ విధానాన్ని ఇంటర్నెట్ వాడే సామాన్యుల దగ్గరకు చేర్చింది. 1997లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ 'ఏఐఎం' పేరుతోను, 1998లో యాహూ సంస్థ 'యాహూ పేజర్' పేరుతోను రంగంలోకి వచ్చాయి. యాహూ పేజరే మరుసటి సంవత్సరం యాహూ మెసెంజర్‌గా మారింది. 1999 జూలైలో మైక్రోసాఫ్ట్ సంస్థ 'ఎంఎస్ఎన్ మెసెంజర్'ను ప్రారంభించింది. ఈ విధంగా మూడేళ్లు తిరగకముందే నాలుగు పెద్ద నెట్‌వర్కులు వెలిశాయి.

నాలుగు ఊళ్లు, నాలుగు గోడలు

హైదరాబాదులోని టెలిఫోను ఒక సంస్థది, అమెరికాలోని టెలిఫోను మరొక సంస్థది అయినా ఇద్దరు మనుషులు మాట్లాడుకోగలరు. ఈ-మెయిల్ సంగతీ అంతే. ఏ సంస్థ దగ్గర చిరునామా ఉన్నా ఏ సంస్థవారికైనా లేఖ పంపవచ్చు. తక్షణ సందేశాల విషయంలో మాత్రం ఈ సౌలభ్యం లేకపోయింది. యాహూలో ఉన్నవాడు యాహూలో ఉన్నవాడితోనే మాట్లాడాలి. ఏఐఎంలో ఉన్నవాడి పేరు అతని పట్టికలో కనిపించదు.

చదువు కోసమో ఉద్యోగం కోసమో అమెరికా వెళ్లిన తెలుగు యువకుడి పరిస్థితిని ఊహిస్తే ఈ ఇబ్బంది సులభంగా బోధపడుతుంది. అక్కడి సహవిద్యార్థులు ఏఐఎంలో ఉంటారు. ఆఫీసులోని మిత్రులు ఎంఎస్ఎన్‌లో ఉంటారు. విజయవాడలోనో వరంగల్లులోనో ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లి గంటకింతని చెల్లించి కూర్చున్న తల్లిదండ్రులు యాహూ మెసెంజర్‌లో ఎదురుచూస్తుంటారు. అందరికీ అందుబాటులో ఉండాలంటే అతడు మూడు ప్రోగ్రాములను ఎక్కించుకోవాలి, మూడు పేర్లను, మూడు పాస్‌వర్డులను గుర్తుంచుకోవాలి. ఆనాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తి పరిమితం. మూడు ప్రోగ్రాములు ఒకేసారి నడిస్తే యంత్రం నత్తనడక నడిచేది. ఏ కిటికీలో అమ్మ పలకరించిందో చూసుకునేలోగా ఆమె కూర్చున్న గంట పూర్తయినా ఆశ్చర్యం లేదు.

దుబాసీల రాక

1998లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్క్ స్పెన్సర్, లినక్స్ కంప్యూటర్ల మీద ఏఐఎం వాడుకోవడానికి వీలుగా ఒక ప్రోగ్రాంను రూపొందించాడు. దాని పేరు 'గెయిమ్'. దాని మూలరచనను ఎవరైనా చదివి, మార్చి, మెరుగుపరచి, తిరిగి పంచుకోవచ్చు. ఈ స్వేచ్ఛ వల్ల పలువురు ప్రోగ్రామర్లు పరోపకార బుద్ధితో అందులో తలా ఒక చెయ్యి వేశారు. క్రమంగా ఐసీక్యూ, యాహూ, ఎంఎస్ఎన్ నెట్‌వర్కుల భాషలు కూడా గెయిమ్‌కు వచ్చాయి. 2000 సంవత్సరంలో సెరూలియన్ స్టూడియోస్ అనే సంస్థ విండోస్ కంప్యూటర్ల కోసం 'ట్రిలియన్'ను విడుదల చేసింది. మాకింటోష్ కంప్యూటర్ల వారికి 'అడియం' వచ్చింది. 2005లో వచ్చిన 'మీబో' మరొక అడుగు ముందుకు వేసింది. ప్రోగ్రాంను ఎక్కించుకునే పనిలేకుండా, వెబ్ బ్రౌజరులోనే అన్ని నెట్‌వర్కులకూ తలుపులు తెరిచింది. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడానికి అనుమతిలేని కంప్యూటర్ల ముందు కూర్చునేవారికి అది వరప్రసాదమైంది.

ఇవి పనిచేసే తీరు తెలుసుకోదగినది. ప్రతి నెట్‌వర్కుకూ ఒక సంభాషణ నియమావళి ఉంటుంది. దానినే ప్రోటోకాల్ అంటారు. లోపలికి వచ్చేవాడు తన పేరు ఎలా చెప్పాలి, పాస్‌వర్డును ఏ రూపంలో చూపాలి, మిత్రుల పట్టికను ఎలా అడగాలి, సందేశానికి ముందు వెనుక ఏ గుర్తులు ఉంచాలి అనే విషయాలన్నీ ఆ నియమావళిలో ఉంటాయి. దుబాసీ ప్రోగ్రాం లోపల ఒక్కొక్క నెట్‌వర్కుకు ఒక్కొక్క విభాగం ఉంటుంది. ఆ విభాగానికి ఆ నెట్‌వర్కు భాష మాత్రమే తెలుసు. బయటకు కనిపించే కిటికీ మాత్రం అన్నింటికీ ఒకటే. వాడేవాడు 'బాగున్నావా?' అని టైపు చేసి పంపగానే, అది ఎవరికి పోవాలో చూసి, ఆ నెట్‌వర్కుకు చెందిన విభాగం దానిని తన భాషలోని పొట్లంగా కట్టి సర్వరుకు అందజేస్తుంది.

అయితే సంస్థలు తమ నియమావళిని చాలావరకు రహస్యంగా ఉంచాయి. అందుచేత ప్రోగ్రామర్లు అసలు ప్రోగ్రాంకూ సర్వరుకూ మధ్య సాగే రాకపోకలను గమనించి, ఏ సంకేతానికి ఏ అర్థమో ఒక్కొక్కటిగా ఊహించి, పరీక్షించి నేర్చుకోవలసి వచ్చింది. నిఘంటువు లేని భాషను వినికిడితో నేర్చుకోవడం వంటిది ఆ శ్రమ.

గోడల మీద పోరు

గోడలు కట్టినవారు దుబాసీలను ఆదరించలేదు. 1999 జూలైలో వచ్చిన ఎంఎస్ఎన్ మెసెంజర్ తొలిరూపంలో ఏఐఎం వారితో కూడా మాట్లాడే ఏర్పాటు ఉండేది. అమెరికా ఆన్‌లైన్ సంస్థ వెంటనే ఆ దారిని మూసివేసింది. మైక్రోసాఫ్ట్ మరొక దారి వెతికింది. అదీ మూతపడింది. ఇలా అనేక పర్యాయాలు జరిగిన తరువాత, అదే సంవత్సరం నవంబరులో మైక్రోసాఫ్ట్ ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. 2002 జనవరిలో ట్రిలియన్‌కూ ఇదే అనుభవం ఎదురైంది. అమెరికా ఆన్‌లైన్ అడ్డుకోవడం, ట్రిలియన్ సరిచేసిన కొత్త రూపాన్ని విడుదల చేయడం కొన్నాళ్లపాటు ఎడతెగక సాగాయి.

సంస్థల వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. సర్వర్ల ఖర్చు వారిది. ఉచితంగా ఇచ్చే సేవకు ఆదాయం ప్రకటనల నుంచి రావాలి. దుబాసీ ప్రోగ్రాంలో ఆ ప్రకటనలు కనిపించవు. పైగా తమ ఖాతాదారుల పాస్‌వర్డులు పరాయి ప్రోగ్రాముల చేతిలో పడితే భద్రతకు ముప్పు అని కూడా వారు వాదించారు. అయితే మరొక కారణం కూడా ఉన్నది. ఒక నెట్‌వర్కులో ఎంతమంది ఉంటే దానికి అంత విలువ. మిత్రులందరూ ఉన్నచోటును విడిచి ఎవరూ పోలేరు. గోడ ఎత్తుగా ఉన్నంతకాలం ఆ బంధం సంస్థకు లాభమే.

ఈ పోరులో పేరు కూడా సమస్య అయింది. 'గెయిమ్' అనే పేరులో 'ఏఐఎం' ధ్వని ఉన్నదని అమెరికా ఆన్‌లైన్ అభ్యంతరం తెలిపింది. చివరికి 2007 ఏప్రిల్‌లో గెయిమ్ తన పేరును 'పిడ్జిన్' అని మార్చుకుంది. ఒకరి భాష మరొకరికి రాని జాతులు వర్తకం కోసం కలిసినప్పుడు, ఇరుభాషల మాటలు కలిసి ఏర్పడే సరళమైన సంపర్క భాషను భాషాశాస్త్రజ్ఞులు పిడ్జిన్ అంటారు. వివాదం వల్ల వచ్చిన పేరే అయినా, చేసే పనికి అంతకన్న తగిన పేరు దొరకడం కష్టం.

వాడే విధానం

పిడ్జిన్ వంటి ప్రోగ్రాంను మొదటిసారి తెరిచినప్పుడు ఖాతాను చేర్చమని అడుగుతుంది. ఏ నెట్‌వర్కో ఎంచుకుని, ఆ నెట్‌వర్కులో ఇదివరకే ఉన్న పేరు, పాస్‌వర్డు ఇవ్వాలి. దుబాసీ కొత్త ఖాతాను సృష్టించదు, ఉన్న ఖాతాల తరఫున మాట్లాడుతుంది. ఎన్ని ఖాతాలు చేర్చినా మిత్రులందరూ ఒకే పట్టికలో కనిపిస్తారు. బంధువులు, సహాధ్యాయులు, ఆఫీసువారు అని వారిని వర్గాలుగా విభజించుకోవచ్చు. ఒకే వ్యక్తికి మూడు నెట్‌వర్కుల్లో మూడు పేర్లుంటే, ఆ మూడింటినీ కలిపి ఒకే పేరుగా అమర్చవచ్చు. సంభాషణలన్నీ ఒకే కిటికీలో పుస్తకం పుటల వలె పక్కపక్కన నిలుస్తాయి.

దుబాసీకి పరిమితులూ ఉన్నాయి. మాటను అనువదించినంత సులభంగా పాటను అనువదించలేము. అక్షర సందేశాలు నిరాటంకంగా సాగినా, బొమ్మలు, ధ్వని, దృశ్య సంభాషణ, దస్త్రాల బదిలీ వంటివి కొన్ని నెట్‌వర్కులతో పనిచేసేవి, కొన్నింటితో పనిచేసేవి కావు. నెట్‌వర్కువారు నియమావళిని మార్చిన ప్రతిసారీ కొత్త రూపం వచ్చేవరకు వేచి ఉండవలసి వచ్చేది.

భద్రత విషయంలో జాగ్రత్త అత్యవసరం. పాస్‌వర్డును గుర్తుంచుకోమని చెబితే పిడ్జిన్ రెండవ తరం రూపాలు దానిని వాడేవారి కంప్యూటరులో ఒక దస్త్రంలో, మరుగు లేకుండా మామూలు అక్షరాలలోనే దాచాయి. ఇది నిర్లక్ష్యం వల్ల జరిగినది కాదు. పెట్టెకు తాళం వేసి తాళంచెవిని ఆ పెట్టెమీదే పెట్టడం వల్ల రక్షణ కలగదనీ, అది రక్షణ ఉన్నదనే భ్రమను మాత్రమే కలిగిస్తుందనీ రూపకర్తలు బహిరంగంగానే వివరించారు. కాబట్టి పలువురు వాడే కంప్యూటరులో పాస్‌వర్డును దాచమని చెప్పకపోవడమే వివేకం. పరాయి కంప్యూటర్లలో నడిచే దుబాసీ సేవలకు పాస్‌వర్డు ఇచ్చేముందు మరింత ఆలోచించాలి. దుబాసీని నమ్మితేనే పని జరుగుతుంది. అందుకే ఎవరిని నమ్ముతున్నామో తెలిసి ఉండాలి.

ఉమ్మడి భాష

గోడలున్నంతకాలం దుబాసీలు కావాలి. అసలు అందరికీ ఒకే ఉమ్మడి భాష ఉంటే గోడలే అవసరం లేదని భావించినవారూ ఉన్నారు. 1999 జనవరిలో జెరెమీ మిల్లర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 'జాబర్' అనే బహిరంగ విధానాన్ని ప్రకటించాడు. ఈ-మెయిల్ వలె ఇందులో ఏ సంస్థయినా, ఏ విశ్వవిద్యాలయమైనా, ఏ వ్యక్తయినా సొంత సర్వరును నడుపుకోవచ్చు. ఒక సర్వరులోని వారు మరొక సర్వరులోని వారితో మాట్లాడవచ్చు. 2004లో ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే సంఘం దీనిని 'ఎక్స్ఎంపీపీ' పేరుతో ప్రమాణంగా వెలువరించింది. అందులో అక్షరాలన్నీ యూనికోడ్ పద్ధతిలోనే ఉండాలనే నియమం ఉన్నది. ఆ విధానంలో తెలుగు మాట తెలుగు లిపిలోనే గమ్యం చేరగలదు.

2005 ఆగస్టులో వచ్చిన గూగుల్ టాక్ ఈ ప్రమాణాన్నే స్వీకరించింది. మరుసటి సంవత్సరం ఇతర సర్వర్లకు కూడా ద్వారాలు తెరిచింది. 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ తమ మెసెంజర్లను పరస్పరం కలిపాయి. గోడలు కరిగిపోతున్నాయని అప్పట్లో చాలామంది ఆశించారు. ఆ ఆశ ఎంతోకాలం నిలవలేదు. యాహూ, మైక్రోసాఫ్ట్‌ల కలయిక 2012లో ముగిసింది. 2013లో గూగుల్ సంస్థ హ్యాంగౌట్స్ అనే కొత్త సేవవైపు మళ్లి, బయటి సర్వర్లతో పొత్తును వదులుకుంది.

మూతపడిన వాకిళ్లు

ఆ తరువాత ఒక్కొక్క నెట్‌వర్కే కనుమరుగైంది. మైక్రోసాఫ్ట్ మెసెంజర్‌ను 2013లో చాలా దేశాల్లో స్కైప్‌లో కలిపివేశారు. 2017 డిసెంబరు 15న ఏఐఎం, 2018 జూలై 17న యాహూ మెసెంజర్, 2024 జూన్ 26న ఐసీక్యూ మూతపడ్డాయి. ఎంతో ఎత్తుగా కట్టిన గోడల లోపల ఇప్పుడు ఎవరూ లేరు.

సేవ ఆగిపోవడం ఒక నష్టం. అందులోని మాటలు పోవడం మరొక నష్టం. దూరదేశంలో ఉన్న కొడుకుతో తల్లి పంచుకున్న మాటలు, పరీక్ష గట్టెక్కిన రాత్రి స్నేహితుల పలకరింపులు, ఇప్పుడు జీవించిలేని ఒక పెద్దాయన అక్షరం అక్షరం వెతికి టైపు చేసిన ఆశీస్సులు ఆ సంభాషణల్లో ఉన్నాయి. పిడ్జిన్ మొదటినుంచి సంభాషణలను వాడేవారి సొంత కంప్యూటరులోనే దస్త్రాలుగా భద్రపరిచింది. సర్వర్లు ఆగిపోయినా ఆ దస్త్రాలకు హాని కలగలేదు. వాటిని జాగ్రత్త చేసుకున్నవారు ఈనాడు కూడా తెరిచి చదువుకోగలరు. తన మాట తన దగ్గర ఉండడం ఎంత విలువైనదో వాకిళ్లు మూతపడిన తరువాతే చాలామందికి తెలిసివచ్చింది.

నేటి పరిస్థితి

నెట్‌వర్కుల పేర్లు మారాయి, సమస్య మారలేదు. వాట్సాప్, టెలిగ్రాం, సిగ్నల్ వంటివి కంప్యూటరు నుంచి చేతిఫోనుకు మారిన కొత్త ఊళ్లు. కొత్త దుబాసీలూ వచ్చారు. 2014లో మొదలైన 'మ్యాట్రిక్స్' అనే బహిరంగ ప్రమాణం వేర్వేరు నెట్‌వర్కుల మధ్య వంతెనలు నిర్మించడానికి వీలు కల్పించింది. దాని ఆధారంగా వచ్చిన 'బీపర్' అనేక నెట్‌వర్కుల సందేశాలను ఒకేచోట చూపింది. 2023 డిసెంబరులో బీపర్ వారు ఆపిల్ సంస్థ సందేశ సేవను ఆండ్రాయిడ్ ఫోన్లకు చేర్చినప్పుడు, ఆపిల్ భద్రతా కారణాలు చూపి కొద్ది రోజుల్లోనే ఆ దారిని మూసింది. 1999 నాటి కథే మళ్లీ జరిగింది.

అయితే ఈసారి ప్రభుత్వాలు కూడా కలుగజేసుకున్నాయి. 2022లో అమలులోకి వచ్చిన ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం, పెద్ద సందేశ సేవలు చిన్న సేవలతో కలిసి పనిచేసేందుకు వీలు కల్పించాలని ఆదేశించింది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ ఆ నిబంధన కిందికి వచ్చాయి. సందేశం పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప ఇతరులకు తెలియకుండా ఉండే గుప్తలేఖన రక్షణను చెడగొట్టకుండా రెండు నెట్‌వర్కులను కలపడం సులభమైన పని కాదు. నాటి దుబాసీ మాటను విప్పి చదివి, తిరిగి కట్టి పంపేవాడు. నేటి దుబాసీ పొట్లాన్ని విప్పకుండానే అందించాలి.

ఊరికీ ఊరికీ మధ్య గోడ ఉన్నప్పుడు దుబాసీ ఉపకారి. ఉమ్మడి బాట ఉన్నచోట అతని అవసరం తక్కువ. గోడలు కట్టేవారికి తమ లాభం, భద్రత కారణాలైతే, మాట్లాడుకునేవారికి తమ అనుబంధమే ముఖ్యం. ఒక సాధనాన్ని ఎంచుకునే ముందు, అందులోకి వెళ్లే దారి ఎంత సులభమో చూడడంతోపాటు, బయటకు వచ్చేటప్పుడు తన మాటలనూ మిత్రులనూ వెంట తెచ్చుకునే దారి ఉన్నదో లేదో చూసుకోవడం విజ్ఞత.

అభ్యాసం

అర్థాలు

కుంఫిణీ = ఈస్టిండియా కంపెనీ
కైఫీయతు = గ్రామ చరిత్ర, వృత్తాంతం
నియమావళి = నియమాల వరుస
మూలరచన = ప్రోగ్రాం రాసిన అసలు పాఠం
సంపర్క భాష = వేర్వేరు భాషలవారిని కలిపే భాష
గుప్తలేఖనం = ఇతరులకు తెలియని సంకేతాలలో రాయడం
విజ్ఞత = వివేకం, తెలివి

అ. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ఒకే ప్రోగ్రాం అనేక నెట్‌వర్కులతో మాట్లాడే విధానాన్ని 'దుబాసీ' పోలికతో వివరించండి.
2. దుబాసీ ప్రోగ్రాములను సంస్థలు ఎందుకు అడ్డుకున్నాయి? వారి వాదనలోని న్యాయాన్యాయాలను చర్చించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. గెయిమ్ పిడ్జిన్‌గా మారిన వృత్తాంతాన్ని తెలపండి. కొత్త పేరు ఎందుకు తగినది?
2. జాబర్ విధానానికీ దుబాసీ ప్రోగ్రాములకూ గల భేదం ఏమిటి?
3. పాస్‌వర్డుల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలను రాయండి.

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. ఐసీక్యూను విడుదల చేసిన సంస్థ ఏది?
2. ప్రోటోకాల్ అంటే ఏమిటి?
3. యాహూ మెసెంజర్ ఎప్పుడు మూతపడింది?
4. ఎక్స్ఎంపీపీలో తెలుగు లిపికి మేలు చేసిన నియమం ఏది?

ఈ. సంధులు

ముఖ్యాధారం = ముఖ్య + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
నియమావళి = నియమ + ఆవళి – సవర్ణదీర్ఘ సంధి
పరోపకారం = పర + ఉపకారం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

ఉ. సమాసాలు

తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
నాలుగు గోడలు – నాలుగు అనే సంఖ్యగల గోడలు – ద్విగు సమాసం
మిత్రుల పట్టిక – మిత్రుల యొక్క పట్టిక – షష్ఠీ తత్పురుష సమాసం